పల్లానికి పోయిన మొరం

వానాకాలంలో కొత్త చెప్పులు కొనకూడదని నాకెవరూ చెప్పలేదు. ఎనభైల్లో చైతన్యపురి వెనక కొత్త కాలనీలో నేను కిరాయికున్న ఇంటి ఓనరైతే వానలో చెప్పులే వేసుకునేవాడు కాదు. మబ్బు పడితే ఇంట్లోకీ బయటికీ తిరిగేవాడు, వాన వెలిస్తే తట్టా పారా పట్టుకుని పల్లానికి పరుగెత్తేవాడు. నల్లగొండ పక్క పొలం అమ్మి వాలులో కట్టుకున్న ఇల్లది. పునాది చుట్టూ పోసిన మొరం, అదే గులకరాళ్ల ఎర్రమట్టి, ప్రతి వానకూ కొట్టుకుపోయి కింది ఇంటి వాకిట్లో మేట వేసేది. పునాది రాళ్లు బయటపడ్డాయి, గోడ పగులు కిటికీ దాకా పాకింది. ఊళ్లో చెరువు మట్టిని పొలానికి తోలుకున్న అలవాటు కదా, ఆ మొరాన్ని తిరిగి మోసుకొచ్చేవాడు.

"రాయి అరిగి మట్టి అవడం, మట్టి పల్లానికి చేరడం భూమికి ఎప్పటినుంచో ఉన్న అలవాటే" అని నా జియాలజీ డిగ్రీని ఒకసారి వాడి చూశాను.

"భూమికేంది, దానికి ఇల్లు కూల్తదా? జర తట్ట వట్టు" అన్నాడు.

కొత్త చెప్పులతోనే బురదలో దిగి, తట్ట పట్టుకుని వెళ్లాను. కింది ఇంటి గుంటూరావిడ చీపురుతో బయటికొచ్చింది.

"గిది నా మొరమమ్మా, తీస్కపోతున్న" అన్నాడాయన.

"మొరం మీదైతే, దాంతోపాటు మా వంటింట్లోకొచ్చిన నీళ్లూ మీవేనండీ. ముందు అవి ఎత్తుకెళ్లండి."