కోల్డ్ స్టోరేజీలో పెట్టిన క్లబ్బు కాయలు

మా సేవా క్లబ్బులో డబ్బు రూపంలో చందా ఇచ్చే అలవాటు లేదు. అద్దంకి చుట్టుపక్కల మిరప రైతులం. కోతలయ్యాక సభ్యుడికొక టిక్కీ, అంటే తొక్కి కుట్టిన ఎండుమిరపకాయల బస్తా, క్లబ్బు పేరున తీసిపెట్టేవాళ్లం. వాటిని గుంటూరు యార్డులో అమ్మితే వచ్చిందే క్లబ్బు ఆదాయం. దాంతోనే కిడ్నీలు పాడైనవాళ్లను డయాలసిస్‌కు ఒంగోలు తీసుకెళ్లే వ్యాను నడిచేది. కోశాధికారిని నేను.

ఆ ఏడాది కోతలప్పుడు ధర బాగానే ఉంది. అమ్మేద్దామన్నాను. మా అధ్యక్షుడు ఒప్పుకోలేదు.

"తొందరెందుకయ్యా నీకు? కోల్డ్ స్టోరేజీలో పెడదాం. శ్రావణానికి రేటు ఎగురుద్ది చూడు. రెండో వ్యాను కూడా కొనొచ్చు!"

"అప్పటిదాకా ఈ వ్యానుకు డీజిలెవడు పోస్తాడండీ?" అని అరిచాను.

"నీ కాయలు స్టోరేజీలో లేవా ఏంది?" అన్నాడొక సభ్యుడు. అందరూ నవ్వారు. ఉన్నాయి మరి! ఆశ నాకు మాత్రం లేదా? నేనూ సరేనన్నాను.

రేటు ఎగరలేదు, పడింది. పడ్డప్పుడు అమ్మబుద్ధి కాదు. ఇంకో వారం చూద్దాం, ఇంకో వారం చూద్దాం అనుకుంటూనే డీజిలుకు డబ్బుల్లేక వ్యాను ఆపేశాం.

ఆ వ్యానులో మా ఊరి దర్జీ కూడా వెళ్లేవాడు. సాయిబుల కుర్రాడు, నన్ను బాబాయ్ అనేవాడు. వ్యాను ఆగాక కొన్నాళ్లు బస్సులో పడుతూ లేస్తూ వెళ్లాడు. ఓపిక చాలక మానేశాడు. సంగతి తెలిసి ఫోను చేస్తే, "పర్లేదు బాబాయ్, రేటు రాగానే వ్యాను తిప్పుదురులే" అని నాకే ధైర్యం చెప్పాడు. ఛీ, ఏం మనుషులం మేము! ఎవరినీ అడక్కుండా యార్డుకు పోయి, వచ్చిన రేటుకు క్లబ్బు కాయలన్నీ తెగనమ్మాను. వ్యాను మళ్లీ కదిలేనాటికి దర్జీ పోయాడు. మిగిలినవాళ్లను ఎక్కించుకుని వెళ్లింది.

మళ్లీ కోతలొచ్చాయి. క్లబ్బు టిక్కీలు లారీకెత్తిస్తుంటే దర్జీ భార్య వచ్చింది. కాయ కోతలకు కూలికెళ్తోంది ఆ పిల్ల. కూలి కింద వచ్చిన కాయలు సంచిలో తెచ్చి నా ముందు పెట్టింది. వద్దమ్మా అన్నాను.

"తీసుకోండి బాబాయ్," అంది. "వీటిని మాత్రం దాచొద్దు. ఇయ్యాలే అమ్మెయ్యండి."