అమృతమ్మ ఎడమ చెంప

జానయ్యకు ఫ్లాష్ అంటే ఒళ్లు మంట. ముఖం మీద సూటిగా వెలుగు కొట్టి తీసిన ఫోటో కనబడితే, "గిది ఫోటోనా? ఠాణాల దొంగను నిలబెట్టి తీసినట్టున్నది" అని పక్కన పడేసేవాడు. తిరుమలగిరిలో అతని స్టూడియో, నా టైలరింగ్ దుకాణం ఇరవై ఏళ్లుగా పక్కపక్కనే ఉన్నాయి. మా ఇద్దరికీ సగం రోజులు మాటలుండేవి, సగం రోజులు ఉండేవి కావు.

అయినా పనితనం ఒప్పుకోవాలి. ఒకే ఒక్క లైటు. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, ఆ లైటును దగ్గరికీ దూరానికీ జరుపుతూ పావుగంట తిరిగేవాడు. మెల్లకన్ను పెళ్లికొడుకు, అమ్మవారు పోసిన మచ్చలున్న పిల్ల, పన్ను ముందుకొచ్చిన పంతులు, అందరూ అతని దగ్గరికే వచ్చేవారు. లోపం ఏ వైపుంటే ఆ వైపు నీడలోకి పోయేది. "దేవుడు చేసిన తప్పు నేను సర్దుత" అనేవాడు. అంత పొగరు.

అతని భార్య అమృతమ్మకు పెళ్లయిన మూడో ఏట ఎడమ చెంప మీద తెల్లమచ్చ మొదలై, కంటి కింది నుంచి దవడ దాకా దిగింది. దవాఖానలు తిరిగారు, పసర్లు పూశారు, పోలేదు. వాళ్లకు పిల్లలు లేరు. మచ్చ వచ్చినప్పటి నుంచి ఏటా దసరాకు ఆమెకు కొత్త చీర కట్టించి ఒక ఫోటో తీసేవాడు. లైటు ఎప్పుడూ కుడివైపే. ఆమె కూడా స్టూలు ఎక్కగానే, ఎవరూ చెప్పకుండానే ఎడమ చెంపను చీకటి వైపు తిప్పుకునేది.

నిరుడు కార్తీకంలో అమృతమ్మ జ్వరంతో పోయింది. పెద్దకర్మకు దండ వేయాలి, ఫోటో ఇమ్మన్నారు బంధువులు. జానయ్య ఇరవై ఆరు ఫోటోలు మంచం మీద పరుచుకుని కూర్చున్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి, ఏదో ఒకటి ఇవ్వన్నా అంటే నా మీద కస్సుమన్నాడు.

"అన్నిట్ల సగం మొఖమే ఉన్నదిర నాగరాజూ. నాకు నా పెండ్లాం మొత్తం కావాలె."

పెద్దకర్మ ఫోటో లేకుండానే అయిపోయింది. తర్వాత నేనే అతన్ని సూర్యాపేటలో కంప్యూటర్ మీద ఫోటోలు బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకుపోయాను. వాళ్లు నీడను తెల్లగా చేస్తే చెంపకు బూడిద పూసినట్టయింది. ఇంకొకరు కుడి చెంపనే తిప్పి అతికించి ఇచ్చారు. వెలుగు పడని చోట ఫోటోలో ఏమీ ఉండదని నాకు చెప్పింది ఈ జానయ్యే. అయినా వాళ్లతో కొట్లాడాడు. ఇక ఆధార్ కార్డు సంగతి అడగొద్దు. అందులో ఉన్నది అమృతమ్మో నేనో తేల్చడం కష్టం.

అప్పటి నుంచి స్టూడియో తెరిచినా లోపల ఆ ఖాళీ స్టూలు ఎదుట ఒక్కడే కూర్చునేవాడు. గిరాకీ వస్తే రేపు రమ్మనేవాడు. నేను అన్నం గిన్నె పట్టుకుపోతే తినేవాడు, లేకపోతే లేదు. ఇంటికి పోవాలంటే భయమైతాందని ఒకసారి నాతో అన్నాడు. జాలేసింది నాకు. ఇంత మొండి మనిషిని ఎట్లా ఓదార్చాలో తెలియక కోపం కూడా వచ్చింది.

ఒక పొద్దున నా మిషన్ దగ్గరికి ఉరికొచ్చాడు. కేతేపల్లిలో అమృతమ్మ చెల్లెలు బక్కమ్మ ఉంటుంది. ముందటేడు అక్కడి ముత్యాలమ్మ బోనాలకు అమృతమ్మ ఒక్కతే పోయి బోనమెత్తింది. బక్కమ్మ ఫోన్లో ఎవరో అప్పుడు ఫోటో తీశారట.

"నెత్తి మీద బోనముంటే తల తిప్పరాదు, కొంగు అడ్డం పెట్టరాదు. ఎదురెండల తీసిన్రంట, నీడ గూడ పడదు. మొఖం మొత్తం వస్తది నాగరాజూ!"

ఇన్నేళ్లూ తిట్టిపోసిన రకం ఫోటో కోసం, ఫోన్లో పంపమనే ఓపిక కూడా లేక, అప్పుడే బయల్దేరదామన్నాడు. దుకాణం మూసి వెంట పోయాను. బస్సులో దారంతా దాన్ని ఏ గోడకు పెట్టాలో చెబుతూనే ఉన్నాడు.

బక్కమ్మ మంచినీళ్లిచ్చి, ఫోన్లో వెతికి తీసి అతని చేతిలో పెట్టింది. నేనూ తొంగిచూశాను. నెత్తిన బోనం, ముఖం సూటిగా, రెండు చెంపలూ ఎండలోనే ఉన్నాయి. కానీ ముఖం నిండా పసుపు. బోనమెత్తే ఆడవాళ్లు రాసుకునేదే, ఆశ కొద్దీ జానయ్యకు ఆ సంగతి తట్టలేదు. ఎడమ చెంప మీద మరీ మందంగా ఉంది. మచ్చ జాడ కూడా లేదు.

"ఆ చెంపకు రెండుసార్లు రాయించుకున్నది బావా," అంది బక్కమ్మ. "గంతెందుకక్కా అంటే, ఫోటో మీ బావ చూస్తడు, మచ్చ కనబడితే ఆయనకు నామోషీ అన్నది."

జానయ్య ఫోన్ మీది నుంచి తలెత్తాడు. "నాకేం నామోషీ? ముప్పై ఏండ్లు దగ్గరుండి చూసిన మొఖం. ఆ మచ్చతోనే నాకు ముద్దుగ ఉండె. ఊరోళ్లు ఏమన్న అంటే ఆమె బాధపడతదని దాచిన గని."

బక్కమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గీ ముచ్చట అక్కతోని ఎన్నడన్న అన్నవా బావా?"

జానయ్య ఫోన్ ఆమె చేతికి ఇచ్చేశాడు.

"అనలే," అన్నాడు.