మిలిట్రీ బండిని ఆపిన సద్దిగుడ్డ

మా చిన్నప్పుడు... యుద్ధం ఎక్కడో మంచుకొండల్లో జరుగుతుంటే, మిలిట్రీ బండ్లు మాత్రం మా ఊరి మీదుగానే పోయేవి. టార్పాలిన్లు కప్పిన ఫిరంగులు, తలుపుల దగ్గర జవాన్లు... చెప్పులు కూడా లేకుండా రైలుకట్ట మీదికి పరిగెత్తి చేతులూపేవాళ్లం.

మా నాయన రైల్వేలో కీమ్యాన్. రోజూ పట్టాల వెంబడి నడుస్తూ, పట్టాలను పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే సుత్తితో బిగించడం ఆయన పని. మిలిట్రీ బండ్లు మొదలయ్యాక ఎండలో ఇంకో నడక కూడా పడింది. మా అనంతపురం ఎండ తెలుసు కదా... ఇనుము కూడా వంకర్లు పోతుంది.

ఒకరోజు మధ్యాహ్నం అదే జరిగింది. పట్టా మెలిక తిరిగి ఉంది, అవతల బండి కూత వినబడుతోంది. ఎర్రజెండాలేమో వాళ్ల గ్యాంగు మేస్త్రీ పెట్టెలో... ఆయన తాళంచెవి మొలకు కట్టుకుని చింతచెట్టు కింద నిద్రపోతున్నాడు. నాయన సంగటి మూట విప్పి, సద్ది కట్టుకున్న ఆ ఎర్రగుడ్డే ఊపుతూ బండికి ఎదురు పరిగెత్తాడు. బండి ఆగింది. అంతమంది జవాన్లు బతికారు.

నెల తిరక్కుండా స్టేషన్లో సభ పెట్టి శాలువా కప్పారు... మేస్త్రీకి! పరిగెత్తింది తానే అని రిపోర్టు రాయించుకున్నాడు. దానికింద సాక్షిగా వేలిముద్ర వేసింది మా నాయనే. చదువు రాదు, జీతం కాగితమేమో అనుకున్నాడట.

హారతి పళ్లెం పట్టుకుని వెళ్లిన మా అమ్మ, అందరూ వినేటట్టు అడిగింది.

"బండికి ఏం ఊపితివప్పా?"

"ఎర్రజెండా," అన్నాడు మేస్త్రీ.

"జెండా నీ పెట్టెలోనే ఉండె గదప్పా. ఊపింది మా సద్దిగుడ్డ."

గ్యాంగు వాళ్లంతా పక్కున నవ్వారు. శాలువా కప్పిన రైల్వే పెద్దసారుకు తెలుగు రాదు, ఆయన కూడా నవ్వి చప్పట్లు కొట్టాడు. శాలువా మాత్రం మేస్త్రీ భుజం మీదే ఉండిపోయింది.

నాయన "పోనీలేమే, బండైతే నిలబడె గదా," అని ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. పిల్లలందరినీ పోగేసి, మేస్త్రీ ట్రాలీ వచ్చినప్పుడల్లా "సద్దిగుడ్డా!" అని అరిపించాను. ఊరు ఊరంతా అదే పేరు పట్టుకుంది. ఏడాదికే బదిలీ అడుక్కుని పోయాడు. తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు చల్లగా ఉంటుంది... పాపం అనిపించదు.

ఇప్పుడు పట్టాల పగుళ్లు మిషన్లే చూస్తున్నాయట. నాయన పోయి ఆరేళ్లయింది, ఆయన పేరు ఏ కాగితంలోనూ లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా... ఓబులేసు.

మేస్త్రీ పేరు నాకు బాగా గుర్తుంది, కానీ రాయను. మీ ఇంట్లో కూడా ఇలా పేరు దక్కనివాళ్లుంటే, కింద వాళ్ల పేర్లు రాయండి. దోచుకున్నవాళ్ల పేర్లు మాత్రం వద్దు... వాళ్లు ఎవరికీ గుర్తుండకూడదు.