మర్గిలాన్ బియ్యం

అరకులో కామేష్ నడిపే ఇంటర్నెట్ సెంటరుకి రేషన్ కార్డుల పనిమీద వచ్చేవాళ్ళే ఎక్కువ. వీసా ఫారం నింపించుకోడానికి వచ్చేవాళ్ళు ఏడాదికి పదిమంది ఉంటే గొప్ప. ఆ పదిమందిలో ఎవరైనా ముసల్మానుల దేశానికి, అదీ ఏజెంటు లేకుండా, చేతిలో కాస్త డబ్బుతో పోదామనుకుంటే, కామేష్ ప్రింటు చేతికిచ్చి బొర్రా రోడ్డు చూపిస్తాడు. "బొండుగూడ ఎల్లి సోంబరు తాతని అడగండి. నాకు తెలిసింది ఫారమే. దారి ఆయనకి తెలుసు."

సోంబరు రైల్వేలో కీమేన్‌గా ముప్పై నాలుగేళ్ళు చేసి దిగిపోయాడు. ఆ ఉద్యోగం గురించి రైలెక్కేవాళ్ళకి తెలియదు. రోజూ చీకటుండగానే సుత్తీ పానా భుజాన వేసుకుని తన వంతు పట్టా వెంట నడవాలి. పట్టాని పట్టి ఉంచే ఇనప చావీలు వదులైతే కొట్టి బిగించాలి. కొండ తొలిచిన సొరంగాల్లో, వానలో, పొగమంచులో అంతే. ఒకప్పుడు భుజాన మూటతో ఏళ్ళ తరబడి నడిచి మక్కా చేరేవాళ్ళట. వాళ్ళూ, మా కొండ దారుల్లో కావిడి మోసేవాళ్ళూ, ఈ కీమేన్లూ ఒక్క జాతి అనిపిస్తుంది. కాలికి పని చెప్పి, మనసుని దాని మానాన వదిలేసేవాళ్ళు.

సలహా అడిగితే సోంబరు అరుగు మీద కూర్చుని, సుత్తి కొట్టినట్టు, ఒకటే మోతాదులో చెబుతాడు.

"తాళ్ళ బూట్లు వొద్దు. రోజుకి పదిసార్లు ఇప్పాల. మసీదులో ఇప్పాల, ఎవులైనా ఇంటికి పిలిస్తే ఇప్పాల. శుక్రవారం మజ్జేనం ఏ పనీ ఎట్టుకోకు, కొట్లు మూసీస్తారు. మసీదు నీడన కూకో, మంచినీళ్ళుంటాయి, ఎవులూ లెగమనరు. నమాజు ఏళకి మాత్రం పక్కకి తప్పుకో. ఆడోళ్ళకి సెయ్యి సాపకు. గుండెమీద నీ సెయ్యేసుకో, సాలు. ఫొటో తీయాలంటే అడుగు. ఎడంసెయ్యి పళ్ళెం దగ్గిరకి రానీకు."

కిందటి నెల ప్రసన్న అనే స్కూలు టీచరు వచ్చి ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుంది. "రంజాను నెలలో వెళ్ళొచ్చా తాతా?" అని అడిగింది.

"ఎల్లొచ్చు. గదులు సవగ్గా దొరుకుతాయి. పగలు నీ తిండి గదిలో తినీయి, ఈదిలో నోరాడించకు. పొద్దు గూకే ముందు టాక్సీ మాత్రం ఎక్కకు తల్లీ. డ్రైవరు పొద్దున్నించి పస్తు, ఇంటికి ఎలిపోవాలని తొందర. కైరోలో నా పానం పోయి వొచ్చింది."

"పోపుల డబ్బా పట్టుకెళ్తాను, వంట చేసుకుంటే ఖర్చు తగ్గుతుంది కదా."

"గసగసాలు తీసీయి. కొన్ని గల్ఫు దేశాల్లో పట్టుకుంటే జైలే. పేరులేని పొడీ, అడివి వేరూ ఏదీ వొద్దు. మనది ఏ కొండో తెలిస్తే మన పోలీసులే సంచి రెండుసార్లు తిప్పుతారు, పైదేశం వాడు ఊరుకుంతాడా? మందులుంటే అట్టతో పాటు డాక్టరు చీటీ ఎట్టుకో."

ప్రసన్న నవ్వి, "మరి పిరమిడ్లు ఎలా ఉన్నాయి?" అంది.

"పెద్దవే. రాళ్ళు బాగా పేర్చినారు. సందుల్లో మాత్రం ఎవులూ సూసుకోటం లేదు."

ఆమె ఇంకేదో చెబుతాడని కలం పట్టుకుని ఎదురుచూసింది. అతను చెప్పలేదు. బెట్టు చేసి కాదు. అతని దగ్గర అంతే ఉంది.

భార్య దేముడమ్మ పోయినప్పటి నుంచి అంతే. అతను రిటైరైన ఎనిమిదో నెలలో ఆమెకి కామెర్లు వచ్చాయి, పదకొండు రోజుల్లో అయిపోయింది. సోంబరు ఏడవలేదు. కట్టెలు పేర్చాడు, అడిగినవాళ్ళకి సమాధానం చెప్పాడు, మర్నాడు నాలుగింటికే లేచి, ఉద్యోగం లేకపోయినా, పట్టా దాకా నడిచి వచ్చాడు. కారం కారంగా లేదు, చలి చలిగా లేదు. కాలు తిమ్మిరెక్కితే నేలమీద పెట్టినా నేల తెలియదు చూడండి, ఒళ్ళంతా అలా.

బొండుగూడలో చావు రెండు భాగాలు. మొదటిది కాల్చడం. రెండోది పెద్ద దినం. ఎప్పుడు కుదిరితే అప్పుడు, ఏడాదికో మూడేళ్ళకో, ఊరినీ చుట్టాల్నీ పిలిచి అన్నం పెట్టాలి. వచ్చే ప్రతివాళ్ళూ సోలెడు బియ్యం తెచ్చి, పోయినవాళ్ళ పేరు చెప్పి కుండలో పోయాలి. బియ్యం తేకుండా తిన్నవాడి వెంట పోయినవాళ్ళు ఆకలితో నడిచి వస్తారని నమ్మకం. అన్నం ఉడికాక భర్తో కొడుకో మొదటి ముద్ద చేత్తో తీసి, ఊరి అవతలికి వినబడేట్టు మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. అప్పుడుగానీ పోయినవాళ్ళు పెద్దల్లో కలవరు. అందాకా ఇంటి చూరు కింద, బయటే, నిలబడి ఉంటారు.

దేముడమ్మ చూరు కింద మూడేళ్ళ నుంచి నిలబడి ఉంది.

ఆమె తమ్ముడు బుధు పండక్కీ పబ్బానికీ వచ్చి అదే మాట. "బావా, మా అప్ప వానలో తడుస్తంది. ఎప్పుడు సేద్దాం?"

"సూద్దాం."

"మేకని నాను తెత్తాను. నువ్వు పిలిత్తే సాలు కదేటి."

ఆ పిలవడమే సోంబరు వల్ల కాలేదు. పేరు నోట్లోంచి తీస్తే లోపల ఏమీ కదలదని అతని భయం. కదలకుండా పిలిస్తే అది పిలుపు కాదు, స్టేషన్లో అనౌన్సుమెంటు. అందుకని 'ఆవిడ' అనేవాడు, 'మీ అప్ప' అనేవాడు. బుధు మరీ పట్టుబట్టిన ఏడాది కామేష్ దగ్గర పాస్‌పోర్టుకి కాగితాలు పెట్టాడు. విశాఖపట్నం నుంచి తిన్నగా మలేషియాకి విమానం, టిక్కెట్టు చవక, వీసా అక్కర్లేదు. కొడుకుని చదివించినట్టు పింఛను ఖర్చుపెట్టి వెళ్ళొచ్చాడు. ఆ తర్వాత ఈజిప్టు. ముసల్మానుల దేశాలే ఎందుకంటే అతని జవాబు ఒకటే. "అక్కడ ముసిలోడు ఒక్కడూ కూకుంటే ఎవులో ఒకలు టీ ఇత్తారు. ఎందుకొచ్చావని అడగరు."

కైరో బజారులో మాత్రం ఒక కొట్టువాడు అలిగాడు. సంతలో షావుకారు చెప్పిన ధర ఇచ్చి తలొంచుకుని వచ్చే అలవాటు కొండవాళ్ళది. సోంబరు ఇత్తడి గిన్నె ధర అడిగి, చెప్పినంతా ఇచ్చేశాడు. కొట్టువాడు మొహం మాడ్చుకుని, డబ్బు తిరిగి చేతిలో పెట్టి, కుర్చీ వేసి, మొదటి నుంచి బేరమాడించి, సగానికి ఇచ్చాడు. ఆ సంగతి వింటే జనం పడీపడీ నవ్వుతారు. సోంబరు నవ్వడు.

మూడోసారి ఉజ్బెకిస్తాన్. ఢిల్లీ దాకా రైల్వే పాసు మీద, అక్కడి నుంచి విమానం. బయల్దేరేరోజు బుధు వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు. "పాసుపోర్టు ఉంది నీకు, పరువు లేదు. ఈసారి వొచ్చాక దినం ఎట్టకపోతే నాకు నువ్వు బావవే కాదు." సోంబరు సంచి భుజాన వేసుకుని పక్కనుంచి వెళ్ళిపోయాడు.

తాష్కెంటు నుంచి రైల్లో మర్గిలాన్ అనే ఊరు చేరాడు. పట్టు నేసే ఊరు. ఒక ఇల్లాలు నడిపే చిన్న బసలో దిగి, బస చేసినట్టు స్లిప్పు అడిగి తీసుకుని, పడుకున్నాడు. ఆ స్లిప్పుల సంగతి ప్రసన్నకి రెండుసార్లు చెప్పాడు. ప్రతి ఊళ్ళోనూ అడిగి తీసుకోవాలి, దేశం దాటేదాకా దాచాలి.

అలవాటు కొద్దీ నాలుగింటికి మెలకువ. తెల్లవారుతుండగా వీధిలో నడుస్తుంటే మగవాళ్ళు గుంపులుగా ఒక ఇంటి గేటులోకి పోతున్నారు. గేటు దగ్గర ఒకాయన గుండెమీద చెయ్యి వేసుకుని లోపలికి రమ్మన్నాడు. పిలిస్తే పోవాలన్నది సోంబరు సూత్రం. పోయాడు. వాకిట్లో పొడుగాటి బల్లలు, రొట్టెలు, టీ. ఇద్దరికి ఒక పళ్ళెం చొప్పున ఓష్ పెట్టారు. మాంసం, క్యారెట్ వేసి వండిన అన్నం. పక్కన కూర్చున్న తాపీమేస్త్రీ లాంటి మనిషి మాంసం ముక్కలు ఇతని వైపు తోశాడు. గబగబా తిన్నారు, అందరూ దోసిళ్ళెత్తి మొహాలు తుడుచుకున్నారు, లేచారు. పావుగంట పని. పెళ్ళనుకున్నాడు సోంబరు.

బయటికి వస్తుంటే గేటు పక్కన నడుముకి గుడ్డలు కట్టుకుని వరసగా నిలబడ్డ ఆ ఇంటి కొడుకులు కనిపించారు. ఆ నిలబడడం అతనికి తెలుసు, చావింటి నిలబడడం. బసకి వచ్చి ఇల్లాలిని అడిగితే ఫోనులో చెప్పింది. ఫోను దాన్ని హిందీలో వినిపించింది. ఆ ఇంటి పెద్దావిడ పోయి ఏడాది. ఆమె పేరున ఓష్.

సోంబరు మంచం మీద కూర్చున్నాడు. పరాయి దినం తిన్నాడు. బియ్యం పొయ్యలేదు. చూరు కింద ఒకామె నిలబడి ఉండగానే ఇంకొకామెని వెంటేసుకుని పోవాలా?

బజారుకి వెళ్ళి కిలో బియ్యం కొన్నాడు. మళ్ళీ ఆ గేటు దగ్గరకి పోయి సంచి చాపాడు. బల్లలు మోస్తున్న పెద్దకొడుకు, అమ్మడానికి వచ్చాడనుకుని, అక్కర్లేదని చెయ్యి ఊపాడు. సోంబరు కదల్లేదు. లోపల్నించి తెల్లగడ్డం పెద్దాయన వచ్చాడు. ఇద్దరి మధ్యా ఫోను పెట్టారు.

"నేను తిన్నాను. బియ్యం తేలేదు. మా ఊళ్ళో అది తప్పు," అన్నాడు సోంబరు తన రైల్వే హిందీలో.

పెద్దాయన ఫోను వైపు చూశాడు, సంచి వైపు చూశాడు. రెండు చేతులా అందుకున్నాడు. "మీ ఇంట్లో ఎవరు పోయారు?" అని ఫోను అడిగింది.

"నా భార్య."

"పేరు?"

కొడుకులు బల్ల పట్టుకుని ఆగారు. "దేముడమ్మ," అన్నాడు సోంబరు. మూడేళ్ళ తర్వాత. భయపడ్డట్టే లోపల ఏదీ కదల్లేదు.

పెద్దాయన అక్కడే కూర్చుని దోసిలి పట్టాడు. కొడుకులూ పట్టారు. వాళ్ళ భాషలో సాగిన మాటల మధ్య ఒకచోట ఆమె పేరు వచ్చింది. మొహాలు తుడుచుకున్నారు. పెద్దాయన లోపలికి వెళ్ళి గుడ్డలో ఎర్రగా ఉన్న బియ్యం మూట కట్టి తెచ్చాడు. "మీ ఆవిడ పేరున వండేటప్పుడు ఇవి వెయ్యండి. ముందు బాగా నానబెట్టాలి."

సోంబరుకి అప్పుడు తెలిసింది తను ఇరుక్కున్నాడని. పోయినవాళ్ళ పేరున వచ్చిన బియ్యం కాదనకూడదు. వేరే రోజు తినకూడదు. పారెయ్యకూడదు. మూడేళ్ళుగా తప్పించుకున్న దినానికి మొదటి సోలెడు ఆ పెద్దాయన పోసేశాడు.

ఇంటికొచ్చాక మూట దూలానికి వేలాడదీశాడు. దెబ్బలాడదామని వచ్చిన బుధు దాన్ని చూశాడు.

"అదేటి బావా?"

"బియ్యం. మీ అప్పకొచ్చినాయి."

"ఎవులిచ్చారు?"

"మర్గిలాన్‌లో ఒక ముసలాయన."

"ఆడు మనకేటవుతాడు?"

"ఆళ్ళ దినం నాను తిన్నాను."

బుధు మూట కిందే గొంతుక్కూర్చున్నాడు. "వొచ్చీసినాయి కదా, ఇంక ఆపకూడదు. ఎలక తినీసిందంటే ఇద్దరికీ పుట్టగతులుండవు."

కాఫీ కోతలు అయ్యాక దినం పెట్టారు. సంతకొచ్చిన వాళ్ళని కూడా పిలవమన్నాడు సోంబరు. తెలిసినా తెలియకపోయినా పిలవమన్నాడు. ఎర్రబియ్యం మొదట కుండలో పోశాక ఊళ్ళోవాళ్ళ సోలలన్నీ వాటిమీద పడ్డాయి. నానబెట్టాలన్న మాట మాత్రం చెప్పడం మరిచాడు. మేక కూర అయిపోయింది, అన్నం కాలేదు. బుధు పెళ్ళాం చిట్టెమ్మ గరిటె విసిరి, "ఈ బియ్యం ఏ రాళ్ళమీద పండించారో గానీ, మీ అప్పకన్నా మొండివి!" అంది. అందరూ నవ్వారు. పొయ్యి పక్కన కూర్చుని సోంబరు కట్టెలు ఎగదోస్తూనే ఉన్నాడు.

చాలాసేపటికి బుధు మెతుకు నలిపి చూశాడు. "ఉడికింది బావా. పిలు."

సోంబరు కుండలో చెయ్యి పెట్టి ముద్ద తీశాడు. వాకిలి చివరకి నడిచాడు. సొరంగంలోకి అడుగుపెట్టేముందు అవతల ఎవరైనా ఉన్నారేమోనని కీమేన్ ఒక కేక వేస్తాడు. ఆ గొంతుతో పిలిచాడు. "దేముడమ్మా." రెండోసారి పిలిచాడు. మూడోసారీ పిలిచాడు. ముద్ద ఆకులో పెట్టి వచ్చి, అందరితో కూర్చుని తిన్నాడు. ఉప్పు తక్కువైందని చిట్టెమ్మతో అన్నాడు.

మర్నాడు నాలుగింటికి లేచి పట్టా దాకా నడిచాడు. తెల్లవారాక చూసుకుంటే కుడి అరచేతిలో పెద్ద బొబ్బ. ముద్ద తీసినప్పుడు కాలి ఉంటుంది, అప్పుడు తెలియలేదు. మంట ఇప్పుడే మొదలైంది.