నేను విత్తే యంత్రం నడిపిన తొలకరి

మా మహిళా సంఘానికి విత్తే యంత్రం వచ్చేసరికి రెడ్డిగూడెం పక్కనున్న మా ఊళ్లో మామిడి కోతలు అయిపోయి నాలుగు రోజులైంది. ఊళ్లో ఖాళీగా ఉన్న పెద్ద చోటు మామిడి షెడ్డు ఒక్కటే. నేల మీద గడ్డీ పాత పేపర్లూ అలాగే ఉన్నాయి, కాయల సొన వాసన ఇంకా పోలేదు. అవన్నీ ఊడ్చి చోటు చేశాం. లారీ మీద నుంచి యంత్రాన్ని దించుతుంటే ఆడవాళ్లమంతా చుట్టూ మూగాం. ఎర్రరంగు ఇనుప దూలం, దాని మీద వరసగా నాలుగు గింజల డబ్బాలు, వెనక చక్రాలు, నల్లటి గాలి గొట్టాలు. ట్రాక్టరుకు తగిలించి లాగితే ఒకేసారి నాలుగు సాళ్లు మొక్కజొన్న విత్తుతుందట.

మేమంతా కూలికి వెళ్లేవాళ్లమే. వేసవిలో మామిడికాయలు ఏరి గ్రేడింగ్ చేస్తాం. తొలకరి పడగానే మొక్కజొన్న గింజలు పెడతాం. తాడు కట్టి, నడుము వంచి, జానెడుకొక గింజ. ఆ పనిలో మా అత్తను మించినవాళ్లు మా చుట్టుపక్కల లేరు. ఆవిడ పెట్టిన సాల్లో ఒక్క మొలక కూడా పక్కకు జరిగినట్టు కనిపించదు. ఆవిడ యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, డబ్బాలో చెయ్యి పెట్టి చూసి, "దీనికి వేళ్లు లేవుగా, గింజెట్టా పట్టుకుంటుంది?" అంది.

నేర్పించడానికి వచ్చిన మెకానిక్ నవ్వలేదు. డబ్బా అడుగున ఉన్న గుండ్రటి ఇనుప బిళ్ల తీసి చూపించాడు. దాని అంచు చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు. ఫ్యాను తిరిగితే గాలి లాగుతుంది, ఒక్కో రంధ్రానికి ఒక్కో గింజ అతుక్కుంటుంది, కిందికి రాగానే సాల్లో పడుతుంది. "గాలే దీని వేళ్లమ్మా" అన్నాడు.

తర్వాత అసలు ప్రశ్న అడిగాడు. "నడపడం ఎవరు నేర్చుకుంటారు?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆయన ట్రాక్టరు డ్రైవరు. మామిడి కోతలప్పుడు షెడ్డు ముందు ట్రాక్టరును ముందుకీ వెనక్కీ జరపడం ఆయనే నాకు నేర్పాడు. అంతకు మించి నాకేమీ రాదు. అయినా నా నోటి వెంట మాట వచ్చేసింది. "నేను నేర్చుకుంటానండీ."

మా అత్త నన్ను తేరిపార చూసింది. వద్దంటుందనుకున్నాను. పక్కకు జరిగి నన్ను యంత్రం ముందుకు తోసింది.

మూడు రోజులు నేర్చుకున్నాను. మా ఆయన నడిపే ట్రాక్టరుకే స్టీరింగు పక్కన ఫోను కంటే పెద్ద తెర ఒకటి బిగించారు. చేను ఈ చివర ఒక గుర్తు, ఆ చివర ఒక గుర్తు పెడితే, ఉపగ్రహాల సిగ్నల్ పట్టుకుని ట్రాక్టరు తనే తిన్నగా వెళ్తుంది. ఖాళీ బీడులో మొదటిసారి బటన్ నొక్కి చేతులు వదిలేశాను. స్టీరింగు నా కళ్ల ముందే కొంచెం ఇటు, కొంచెం అటు కదిలింది. ఒళ్లంతా ఝల్లుమంది. గట్టిగా అరిచేశాను. గట్టు మీద ఉన్నవాళ్లు ఏదో ప్రమాదం జరిగిందని పరుగెత్తుకొచ్చారు. నేనేమో పగలబడి నవ్వుతున్నాను.

నాలుగో రోజు గింజలు పోసి సరిచూశాం. షెడ్డులో పట్టా పరిచి, యంత్రాన్ని జాకీ మీద లేపి, ట్రాక్టరుతో ఫ్యాను తిప్పి, చక్రం చేత్తో తిప్పుతుంటే గింజలు కింద పడుతున్నాయి. మా అత్త పట్టా పక్కన గొంతుక్కూర్చుంది. మూడు డబ్బాల కింద సరిగ్గా ఒక్కొక్కటే. నాలుగో డబ్బా కింద మాత్రం అక్కడక్కడ జంటగా పడుతున్నాయి.

"ఒకటీ అరా పడతాయమ్మా, పర్లేదు" అన్నాడు మెకానిక్.

"ఎందుకు పర్లేదు? రెండు మొక్కలు ఒకచోట లేస్తే రెండూ సన్నబడిపోతాయి. కంకి కట్టదు" అంది అత్త. పడిన గింజలు అరచేతిలో పోసుకుని బొటనవేలితో దొర్లించి చూసింది. "ఇది వేరే సంచిలో గింజ బాబూ. మిగతావి లావుగా ఉన్నాయి, ఇవి పలచగా, చిన్నగా ఉన్నాయి."

సంచులు తిరగేసి చూస్తే ఆవిడ చెప్పిందే నిజం. ఆ డబ్బాకు రంధ్రాలు చిన్నగా ఉన్న బిళ్ల మార్చారు. మళ్లీ తిప్పాం. ఆవిడ పట్టా ఈ చివర నుంచి ఆ చివరి దాకా వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. ఒక్క జంట కూడా లేదు.

"మాకు కూడా ఇంత త్వరగా తెలీదమ్మా" అన్నాడు మెకానిక్. అత్త ఆ సాయంత్రం వీధిలో కనిపించిన ప్రతివాళ్లకూ ఆ గింజ సంగతి చెప్పింది.

మొదటి చేను రిటైరైన స్కూలు మాస్టారిది. మామిడి తోటను ఆనుకుని మూడెకరాలు. మంచి వాన పడి రెండు రోజులైంది. అత్త మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కి వదిలింది. ముద్ద కట్టి, వేలితో తాకగానే పొడిగా విడిపోయింది. "పదునుంది. ఇక కానివ్వు" అంది.

మాస్టారు గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డారు. "ఏమ్మా, సాళ్లు వంకర పోవుగా?" అని అడిగారు.

"చూస్తూ ఉండండి మాస్టారూ" అని స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను.

యంత్రం కిందికి దింపి బయల్దేరాను. తెర మీద నాలుగు ఆకుపచ్చ గీతలు, ఒక్కో గింజకూ ఒక్కో చుక్క. వెనక మా అత్త నడుస్తూ వేలితో మట్టి తవ్వి లోతు చూస్తోంది. మొదటి సాలు చివర తిరగబోతుంటే రెండు చేతులూ పైకెత్తి ఊపింది. నాకు కేక వేయాలనిపించింది. రెండున్నర ఎకరాలు అలా గాల్లో తేలినట్టే అయిపోయింది.

మామిడి తోట పక్కకు రాగానే తెర ఎర్రబడింది. బీప్ బీప్ మని మోత. ట్రాక్టరు స్టీరింగును నా చేతికి వదిలేసింది. ట్రాక్టరు ఆపి మెకానిక్‌కు ఫోన్ చేశాను. "చెట్ల కొమ్మల పక్కన సిగ్నల్ అందదమ్మా. అక్కడ చేత్తో నడపాల్సిందే" అన్నాడు. చింతలపూడి వైపు ఆకాశం నల్లగా దిగుతోంది. గట్టి వాన పడితే దుక్కి బురదైపోతుంది, మళ్లీ వారం ఆగాలి.

అత్త తలగుడ్డ విప్పి ఒక కర్రకు కట్టింది. చేను ఆ చివరకు గబగబా నడిచి, సాలు రావలసిన చోట కర్ర పాతి పక్కన నిలబడింది. "ఇటే చూడు. చక్రం వంక చూడకు!" అని అరిచింది.

ఆ గుడ్డ మీదే చూపు నిలిపి నడిపాను. ప్రతి తిరుగుడుకీ ఆవిడ కర్ర పీకి, అడుగులతో దూరం కొలిచి, మళ్లీ పాతింది. ఆఖరి సాలు మీద ఉండగా పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. అయిపోగానే ట్రాక్టరు మీంచి దూకి వెళ్లి ఆవిణ్ణి కావలించుకున్నాను. ఇద్దరం నిలువునా తడిశాం. "ఛీ, వదులు, అందరూ చూస్తున్నారు" అంది గానీ తను వదల్లేదు.

విత్తిన ఆరో రోజు పొద్దున్నే మాస్టారు మనిషిని పంపారు. వెళ్లి చూస్తే చేనంతా మొలకలు, గీత గీసినట్టు. తోట పక్క సాళ్లు ఒకచోట కొంచెం వంగాయి, నిజమే. మాస్టారు చేను పొడవునా నడిచి వచ్చి, "రేపు మా తమ్ముడి చేను కూడా మీరే వెయ్యాలండీ" అన్నారు. మొన్నటి దాకా ఏమ్మా అన్న మనిషి నన్ను అండీ అనడం విని నాకు నవ్వాగలేదు.

ఆ వారమంతా షెడ్డు దగ్గర జనమే. నేను యంత్రానికి గ్రీజు పెడుతుంటే జి. కొండూరు వైపు నుంచి ఎవరో రైతు ఫోన్ చేశాడు. నా చేతులు నల్లగా ఉన్నాయని అత్త ఫోనెత్తింది.

"మా కోడలు పనిలో ఉందండీ. మిషను వస్తుందండీ, తప్పకుండా వస్తుంది. ముందు నేనొచ్చి పదును చూస్తా" అంది.