జెల్లీలో కొట్టుకున్న నాడి

దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొచ్చేది. బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. ఇప్పటికీ చీకటికి భయపడను. నా భయమంతా పాప గురించే. పాలు తాగుతూ మధ్యలో అలసిపోయి వదిలేసేది, నుదుట చెమట పట్టేది.

"తొలిసూరు తల్లులందరూ గింతే. జర ఫికర్ తగ్గించుకో బిడ్డా," అనేది అత్తమ్మ.

మాది నాచారం. మా ఆయన పని ఉప్పల్‌లో, ఒక ప్రయోగశాలలో. మెడలోని రక్తనాళం గోడ ఎంత సాగుతుందో, దానికి పట్టింది కొవ్వో కాల్షియమో అల్ట్రాసౌండ్‌తో తేల్చే యంత్రం తయారుచేస్తున్నారు. ముందు దాన్ని మనిషి మెడకు బదులు జెల్లీ దిమ్మల మీద పరీక్షిస్తారు. దిమ్మ మధ్యలో రబ్బరు గొట్టం, అందులోకి నీళ్లు కొట్టడానికి చిన్న పంపు. ఆ జెల్లీ వండేది మాత్రం మా వంటింట్లోనే.

ఒక శనివారం ఆయన చూసుకోకుండా పాప పాలగిన్నెలో జెల్లీ వండేశారు.

"ఏందిరా, పిల్ల పాలగిన్నెల గీ జిగురు కాస్తున్నవా? ఇంట్ల ఇంకో గిన్నె లేదా?" అని అత్తమ్మ మండిపడింది.

"కడిగిస్తనే అమ్మా. రేపు నువ్వు గూడ రా, నీ మెడ సూస్త."

మర్నాడు అందరం ఆటోలో వెళ్లాం. అత్తమ్మ మెడ మీద ఆ యంత్రం వైరు చివరి ప్రోబ్ ఆనించి పెడితే, నలుపు తెలుపు తెర మీద నాళం గోడలు విచ్చుకుని ముడుచుకోవడం కనిపించింది.

"నీ నరం ఇంకా పడుచుదేనే అమ్మా."

"సాలు తియ్యి," అంది కానీ మురిసిపోయింది.

తర్వాత జెల్లీ దిమ్మకు ప్రోబ్ బిగించారు. పంపు ప్లగ్ ఇంకా పెట్టలేదు. వైరు బల్ల మీదే ఉంది, నేను చూశాను.

తెర మీద గొట్టం కొట్టుకుంటోంది.

పసిపిల్లల నాడిలా, వేగంగా. ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పి, ఆగి, మళ్లీ మొదలవుతోంది. బల్ల అదురుతోందేమోనని ఆయన చూశారు, ప్రోబ్ మార్చారు. ఆగలేదు.

"గది పాలగిన్నెల వండిందే గదరా," అంది అత్తమ్మ మెల్లగా.

పాప బల్లకు దూరంగా నా ఒళ్లో నిద్రపోతోంది. దాని వీపు మీద నా చెయ్యి ఉంది. తెర మీద దెబ్బ తప్పినప్పుడల్లా నా అరచేతి కిందా తప్పింది.

సోమవారం పొద్దున తెరవగానే ఆసుపత్రికి పరుగెత్తాం. గుండె లయ తప్పుతోందని, ఇంకా ఆలస్యం చేసి ఉంటే ప్రమాదమయ్యేదని డాక్టరమ్మ అన్నారు. మందులతో కుదుటపడింది. ఇప్పుడు పాలు ఆపకుండా తాగుతుంది.

ఆ దిమ్మ మళ్లీ కదల్లేదు. యంత్రంలో బయటి విద్యుత్ తరంగాలేవో కలిసి ఉంటాయని ఆయన అంటారు, అంటూనే తల అడ్డంగా ఊపుతారు. మళ్లీ వండి చూస్తాను, ఆ గిన్నె ఒక్కసారి ఇవ్వమని అడిగారు.

ఫిజిక్స్ చదివినదాన్ని, ఇవ్వాలి. ఇవ్వలేదు. ఎందుకు కొట్టుకుందో నాకు తెలియదు. పొద్దున లేచి అందులోనే పాలు కాస్తాను.