చాప తడిసిందంటోంది

2023 వానాకాలం. నర్సీపట్నంలోని ఒక చిన్న ఆసుపత్రిలో నేను డౌలాగా చేరిన మొదటి ఏడు. డౌలా కాన్పు చెయ్యదు. నొప్పులు పడే మనిషి పక్కన కూర్చుని నడుం రాస్తుంది, ఊపిరి ఎలా తీసుకోవాలో చెబుతుంది, ఆమె మాటను నర్సుకీ డాక్టరుకీ చేరవేస్తుంది. గొంతు పెగలని నాకు ఆ మూడో పనే కష్టం.

రత్నం రోలుగుంట వైపు పల్లె నుంచి వచ్చింది. జీడిపిక్కలు కొట్టే పని. వేళ్ల చివర్లు జీడికి నల్లబడి ఉన్నాయి. పుట్టగానే తల్లి పోతే మేనత్త అప్పలనరసమ్మ గారే పెంచి, కోడలిగా చేసుకున్నారు. నొప్పుల్లో రత్నం అరవలేదు. మధ్యమధ్య గుమ్మం వైపు చూసి, ఎవరో పలకరించినట్టు తలూపేది.

మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. నర్సు అన్నీ చూసి, బాగానే ఉందని చెప్పి, పక్క మంచం దగ్గరికి వెళ్లింది. అక్కడున్న లెక్చరర్ గారి భార్య కళ్లు తిరుగుతున్నాయన్నారు. వెంటనే బీపీ మిషన్ వచ్చింది. ఇటు అప్పలనరసమ్మ గారు, బాలింతకి గాలి తగలకూడదని, కోడలి చెవుల్లో దూది పెట్టి, రెండు దుప్పట్లు మెడదాకా కప్పి, అంచులు పరుపు కిందికి దోపేశారు.

బయట వాన. గదంతా మసక.

"అక్కా, మాయమ్మ వొచ్చింది," అంది రత్నం మెల్లగా. "గుమ్మం కాడ కూకుంది."

గుమ్మం దగ్గర ఎవరూ లేరు. పచ్చి బాలింత ఆడే మాటలేనా అవి అని అత్త కసిరారు. నీరసానికి అలాగే అంటారు, పడుకోనివ్వమంది నర్సు. అయితే శిక్షణలో మాకు చెప్పింది ఒకటే: లేనిది లేదని వాదించకు, ఏమంటోందో అడుగు.

"ఏటంటోంది మీ అమ్మ?"

"సాప తడిసిపోతోందంట. బేగి సూడమంటోంది."

అది ఇనుప మంచం. చాప లేదు. పైదుప్పటి పొడిగా ఉంది. రత్నం పెదాలు మాత్రం తెల్లగా ఉన్నాయి. దోపిన అంచు లాగి దుప్పట్లు ఎత్తాను. నడుం కింద పరుపంతా నెత్తురు.

నా గొంతు అంత గట్టిగా రావడం నేనెప్పుడూ వినలేదు. నర్సు పరుగున వచ్చింది. పీపీహెచ్ అంది, అంటే కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం. గర్భసంచి గట్టిపడక వదులైపోయింది. నర్సు పొట్ట మీద అదిమి రుద్దుతూనే ఉంది; డాక్టరు గారు వచ్చి ఇంజెక్షన్లు, సెలైను పెట్టించారు. నేను రత్నం చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి వేడెక్కేదాకా గుమ్మం వైపు చూసే ధైర్యం నాకు లేదు.

సాయంత్రం వరండాలో అప్పలనరసమ్మ గారు మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, నావైపు చూడకుండా అన్నారు: "రత్నాన్ని కన్నప్పుడు మా వొదిన్ని కూడా ఇలాగే కప్పినాను పాపా. తీసి సూసేసరికి సాప తడిసిపోయింది."

"రత్నానికి తెలుసా అండీ?"

"జొరమొచ్చి పోయిందనే సెప్పినాం. ఇంకెవులూ సెప్పనేదు."

ఆ రోజు గుమ్మం దగ్గర ఎవరున్నారో నాకు తెలీదు. కళ్లు తిరుగుతున్నాయని చెప్పగలిగినవాళ్ల దగ్గరికి బీపీ మిషన్ వస్తుంది. రత్నం అదే సంగతి తనకొచ్చిన మాటల్లో చెప్పింది. ఇప్పుడు ఏ బాలింత ఏ మాటన్నా ముందు దుప్పటి ఎత్తి చూస్తాను. గుమ్మం వైపు చూడను.